మూడుసార్లు కత్తి కింద పండుకున్న రాకుమారి

మీ మండల బస్టాండు గోడలు ఒకసారి యాది చేసుకోండ్రి. మూత్రశాల పక్కపొంటి, కరెంటు స్తంభాల మీద, రైలు కట్ట ఎంబడి ఏం రాసుంటది? నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, మగతనం, గుప్తరోగాలకు గ్యారంటీ ట్రీట్‌మెంటు. ఫలానా తారీకు నాడు ఫలానా లాడ్జిల డాక్టరు ఉంటడు. అన్నీ మొగోళ్ల కోసమే. ఆడామెకు సుఖం అందకపోతే, కలిసినప్పుడు నొప్పి పుడితే, అసలు కోరికే పుట్టకపోతే ఎవరి దగ్గరికి పోవాలెనో ఒక్క గోడ మీద కూడ రాసి లేదు. ఆ గోడల లెక్కల ఆడోళ్లకు గసొంటి బాధే ఉండది.

బాధ ఉన్నది. సంఘం మీటింగుల వడ్డీ లెక్కలన్నీ అయినంక, పిల్లలు బయటికి ఉరికినంక, ఎవరో ఒక అక్క జర మెల్లగ అడుగుతది. పెండ్లయి పదేండ్లాయె, ఇద్దరు పిల్లలాయె, గాని ఆ సుఖమంటే ఏందో నాకైతే తెల్వదు, నాల ఏమన్న లోపమున్నదా అని. నేను డాక్టరును కాదు. పది తప్పినదాన్ని, దొరికిన పుస్తకమల్ల సదివి ఇంత నేర్సుకున్నదాన్ని. స్వాతి వారపత్రికల సమరం గారి జవాబులు దుప్పట్ల దాసుకొని సదివిన తరం మాది. మీ చేతిల ఫోను ఉన్నది గాని అండ్ల చూపెట్టేది సగం అబద్ధమే. గందుకే ఇయ్యాల ఒకామె బతుకు చెప్త. లోపం నాలనే ఉన్నదని నమ్మి, ఆ లోపాన్ని టేపుతోని కొలిచి, ఆఖరికి కత్తితోని కోపిచ్చుకున్న ఆమె. పేరు మేరీ బోనపార్ట్. నెపోలియన్ చక్రవర్తి ఖాందాన్ బిడ్డ.

1882 జులై 2 నాడు పారిస్ పక్కన సాన్ క్లూల పుట్టింది. నాయన రోలాండ్ బోనపార్ట్, నెపోలియన్ తమ్ముడు లూసియన్‌కు మనుమడు. తల్లి నాయన ఫ్రాన్సువా బ్లాంక్, మాంటే కార్లో జూదశాలను ఆ పేరుకు తెచ్చినాయన. అంటే పేరేమో నాయన దిక్కు నుంచి, పైసలేమో జూదం దిక్కు నుంచి. కని నెల తిరక్కముందే తల్లి సచ్చిపోయింది. గంత ఆస్తికి ఒక్కతే వారసురాలు. పెంచింది కఠినమైన నాయనమ్మ, జీతానికున్న ఆయమ్మలు. నాయనకు తన సదువే లోకం. దేశదేశాల మనుషుల ఫొటోలు తీసుడు, కొలతలు రాసుకునుడు ఆయన పని. మనుషులను కొలుసుడు ఆ ఇంట్ల కొత్త కాదన్నట్టు.

వయసుల ఉన్నప్పుడు ఒక దెబ్బ తిన్నది. నాయన దగ్గర పనిచేసే సెక్రటరీ, పెండ్లయినోడు, ఈ పిల్లతోని ప్రేమ ఉత్తరాలు రాపిచ్చుకున్నడు. తర్వాత గవ్వే ఉత్తరాలు చూపెట్టి ఏండ్లకేండ్లు పైసలు గుంజిండు. ఇప్పుడు ఫొటోలు పెట్టుకొని బెదిరిచ్చేటోళ్లను చూస్తున్నం గద, ఫోను లేనప్పుడు కూడ గదే దందా. ఆమె డాక్టరు సదువుతనన్నది. ఇంట్ల పడనియ్యలే. రాజుల ఇంటి పిల్లకు మొగుడు కావాలె గాని సదువెందుకు?

మొగుడు దొరికిండు. గ్రీసు రాజు కొడుకు జార్జి. ఆమె కన్న పదమూడేండ్లు పెద్ద. 1907ల పెండ్లి. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ మొగడు ఫిలిప్ ఉండె గద, ఆయనకు ఈ జార్జి పెదనాయన అయితడు. జార్జి మంచోడే, కొట్టలే, తిట్టలే. గాని ఆయన మనసంతా డెన్మార్కుల ఉన్న చిన్నాయన వాల్డెమార్ మీదనే. భార్య దగ్గరికి ఏదో డ్యూటీ తీర్గ వచ్చి పోయేటోడు. 1908ల కొడుకు పీటర్, 1910ల బిడ్డ యూజెనీ పుట్టిండ్రు. తర్వాత ఆమెకు వేరే సోపతులు అయినయి. అండ్ల ఒకాయన ఫ్రాన్సుకు ఎన్నోసార్లు ప్రధానమంత్రి చేసిన అరిస్టీద్ బ్రియాన్. దాని మీద తీర్పు చెప్పేటందుకు నేను కూసోలే. మనకు కావాల్సిన ముచ్చట ఏందంటే, మొగుడితోని గాని, ప్రేమిచ్చినోళ్లతోని గాని, కలయికల ఆమెకు భావప్రాప్తి కాలే. ఒంటరిగ ఉన్నప్పుడు తన చేతితోని అయ్యేది, మొగోనితోని కలిసినప్పుడు అయ్యేది కాదు. అంటే సుఖం శిఖరం మీదికి పోయే తొవ్వ ఆమె ఒంట్ల ఉన్నది. ఆ తొవ్వ సంభోగం ఎంబడి పోతలేదు, అంతే.

ఆ కాలం డాక్టర్లు దానికి పెట్టిన పేరు ఫ్రిజిడ్. మనింట్ల ఫ్రిజ్ అనే మాటకు, దీనికి మూలం ఒక్కటే. సల్లబడ్డ మనిషి, గడ్డకట్టిన మనిషి అన్నట్టు. మన దిక్కు కట్టె లెక్క పండుకుంటదని అంటరు చూడు, గదే. ఏ ముచ్చట తెల్వకున్నా ఆడిదానికి పేరు పెట్టుడు మాత్రం అన్ని దేశాలోళ్లకు తెలుసు.

మేరీ ఏడుసుకుంట కూసోలే. కారణం తెలుసుకోవాలె అనుకున్నది. ఆమె పట్టుకున్న ప్రశ్న చానా సూటి ప్రశ్న. ఆడామె ఒంట్ల సుఖానికి అసలు జాగ యోనిశీర్షం, డాక్టర్లు క్లిటోరిస్ అంటరు. అది యోని లోపల ఉండది, పైన, మూత్రద్వారం కన్న ఇంత మీదికి ఉంటది. ఆ నడుమ దూరం అందరికి ఒక్కతీర్గ ఉంటదా? దూరం ఎక్కువున్నోళ్లకు కలయికల రాపిడి అందక సుఖం తక్కువైతదా? డాక్టర్ల సాయంతోని 243 మంది ఆడోళ్ల కొలతలు జమచేసింది. 1924ల బ్రస్సెల్స్ నుంచి వచ్చే ఒక వైద్య పత్రికల అచ్చేసింది. సొంత పేరు పెట్టలే. ఎ.ఇ. నార్జాని అని దొంగ పేరు పెట్టుకున్నది. రాజుగారి కోడలు గసొంటి ముచ్చట రాస్తే ఊకుంటరా మరి.

ఆమె గీత గీసింది రెండున్నర సెంటీమీటర్ల కాడ. అంతకన్న తక్కువ దూరమున్నోళ్లు ఎక్కువ మంది, వాళ్లకు కలయికల భావప్రాప్తి తేలిక. అంతకన్న ఎక్కువున్నోళ్లు దగ్గర దగ్గర ఐదుగురిల ఒకామె, వాళ్లకు కష్టం. ఈ రెండో రకానికి ఆమె పెట్టిన ఫ్రెంచి పేరుల టెలి అనే ముక్క ఉన్నది. టెలివిజన్ల ఉన్న టెలియే అది. గ్రీకు భాషల దూరమని అర్థం. తనను తాను ఆ దూరం గుంపులనే లెక్కేసుకున్నది.

ఇక్కడ జర ఆగుండ్రి, బతుకు మొత్తం తిరిగింది గిక్కడనే. ఆమె చేతిల ఉన్న కాయితం ఏం చెప్తున్నది? ఆడోళ్ల ఒళ్లు తీరుతీరులుగ ఉంటయని. ఒకామె ముక్కు పొడుగు, ఒకామె ముక్కు పొట్టి, ఇదీ గంతే. అట్లయితే సంభోగం ఒక్కటే అందరికి సుఖమిస్తదని పెట్టుకున్న రూలు తప్పు కావాలె. చెయ్యి ఉన్నది, నోరున్నది, ఓపిక ఉన్నది, మొగోనికి చెప్పేటందుకు మాట ఉన్నది. గాని ఆమె కాయితాన్ని ఉల్టా సదివింది. రూలు సరైనదే, నా ఒళ్లే తప్పు అనుకున్నది. తప్పున్న ఒంటిని సరిచెయ్యాలంటే ఏం చెయ్యాలె? ఆ భాగాన్ని కోసి, ఊడదీసి, యోని దగ్గరికి జరపాలె. ఆ ఆపరేషను ఆలోచన గూడ గా 1924 వ్యాసంలనే ఉన్నది.

గంత తెలివిగల్లామె ఎందుకట్ల సదివింది? ఒక్కామె నెత్తిల పుట్టిన తప్పు కాదది. వియన్నాల సిగ్మండ్ ఫ్రాయిడ్ అనే పెద్ద డాక్టరు, మనసు వైద్యానికి మూలపురుషుడు, 1905ల ఒక సిద్ధాంతం రాసిపెట్టిండు. చిన్నతనంల ఆడపిల్ల సుఖం యోనిశీర్షం కాడ ఉంటదట, పిల్ల ఎదిగి పూర్తి ఆడిది అయ్యిందంటే ఆ సుఖం యోని లోపలికి మారాలెనట. మారకపోతే ఆమె ఎదగనట్టు. ఎవరిని కొలిచి చెప్పిండు? ఎవరినీ కొలవలే. అయినా దునియ నమ్మింది. తర్వాత చానా ఏండ్లు డాక్టర్లు ఆ కట్టెతోనే ఆడోళ్లను కొట్టిండ్రు.

1925 సెప్టెంబరు ఆఖర్న మేరీ ఆ ఫ్రాయిడ్ దగ్గరికే పోయింది. ఆమెకు 43 ఏండ్లు, ఆయనకు 69. రోజూ మంచం మీద పండుకొని మనసుల ఉన్నదంతా చెప్పుడే ట్రీట్‌మెంటు. ఇద్దరికి మంచి సోపతి అయింది. ఆమె ఆయన శిష్యురాలైంది, పారిస్ వచ్చి 1926ల ఇంకొందరితోని కలిసి ఫ్రాన్సుల మొదటి మనోవిశ్లేషణ సంఘం పెట్టింది. సదువు వద్దన్న ఇంట్ల పుట్టిన పిల్ల తనే డాక్టరు తీర్గ కుర్చీల కూసున్నది. ఇది చిన్న గెలుపు కాదు. ఆడది ఏం కోరుకుంటదో ఇన్నేండ్ల నుంచి సదువుతున్నా తనకు అంతు చిక్కలేదని ఫ్రాయిడ్ ఒప్పుకున్నది కూడ గీ మేరీ దగ్గరనే అంటరు. ఎదురుంగ పండుకొని రోజుకో గంట చెప్తనే ఉన్నది గదా పెద్దాయన!

అయినా ఆమె తనువుల గుబులు పోలే. 1927ల వియన్నాల హల్బన్ అనే ఆడోళ్ల డాక్టరు కత్తి కింద పండుకున్నది. యోనిశీర్షాన్ని పట్టి ఉంచే కట్టును కోసి, కిందికి జరిపి కుట్టేసుడు. ఫ్రాయిడ్‌కు ఇది నచ్చలే, తిట్టిండు. నచ్చకపోవుడు మంచిదే గాని ఆయనకు నచ్చకపోయింది రోగం మనసుల ఉన్నదని, రోగమే లేదని కాదు. ఫలితం రాలే. 1930ల మళ్ల కోపిచ్చుకున్నది. రాలే. 1931ల మూడోసారి. అప్పుడూ రాలే. ఆ ఆపరేషనుకు హల్బన్-నార్జాని అని ఆమె దొంగ పేరు కూడ కలిపి పెట్టిండ్రు. ఇంకొందరు ఆడోళ్లకు కూడ చేసిండ్రు, అనుకున్న ఫలితం రాలేదని తర్వాత ఆమెనే రాసింది. దాపెట్టలే. గా నిజాయితీకి నేను ఆమెకు దండం పెడుత.

ఎందుకు రాలేదో ఇయ్యాల మనకు తెలుసు. ఆ భాగం పైకి కనపడేంత చిన్న బొడిపె మాత్రమే కాదు. లోపల రెండు దిక్కుల కాళ్లు చాపుకొని, యోని గోడల పక్కపొంటి ఉబ్బెత్తుగ పరుసుకొని ఉంటది. మొత్తం నరాల సంత. అండ్ల కత్తి పెడితే నరాలు తెగుతయి, మచ్చ పడ్తది. ఆస్ట్రేలియా డాక్టరమ్మ హెలెన్ ఓకానెల్ 1998ల శవాలను కోసి చూసి ఈ సంగతి విడమరిచి చెప్పేదాక డాక్టర్ల పుస్తకాలల్ల సుత బొమ్మ సక్కగ లేదు. మొగోని అంగం బొమ్మ పేజీకి పేజీ ఉండె, దీనిదేమో ఒక చుక్క. మేరీ చుక్కను జరిపిచ్చుకున్నది, చెట్టు భూమి లోపల ఉన్నది.

మొదలు కత్తి, తర్వాత ఆలోచన అనే రోగం మనదగ్గర కూడ తక్కువ లేదు. గర్భసంచులు తీపిచ్చుకున్న ఆడోళ్లు దేశంలనే చానా ఎక్కువున్న రాష్ట్రాలల్ల ఆంధ్ర, తెలంగాణ ఉన్నయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తున్నయి. ముప్పై, నలభై దాటని వాళ్లు కూడ. గర్భసంచితోపాటు అండాశయాలు గూడ తీస్తే ఒంట్ల హార్మోను ఒక్కసారే పడిపోతది. యోని ఎండిపోతది, కలిస్తే మంట, కోరిక సచ్చిపోతది. గా సంగతి ఆపరేషనుకు ముందు ఆ అక్కలకు ఎవరు చెప్పిండ్రు? ఇంటికొచ్చినంక కట్టె లెక్క పండుకుంటదని మొగుడు అంటడు.

మేరీ మిగిలిన బతుకుల చానా పెద్ద పనులే చేసింది. ఫ్రాయిడ్ దోస్తు ఫ్లీస్‌కు రాసిన పాత ఉత్తరాలు అమ్మకానికొస్తే కొన్నది. కాలపెట్టాలెనని ఫ్రాయిడ్ పట్టు పట్టిండు, ఆమె ఇయ్యలే. ఉత్తరాలతోని ఏం చెయ్యొచ్చో చిన్నప్పుడే తెలుసుకున్నామె గద. 1938ల హిట్లర్ సైన్యం వియన్నాకు వచ్చింది. ఫ్రాయిడ్ యూదుడు. మేరీ వియన్నాకు ఉరికి, అధికారులతోని మాట్లాడి, దేశం దాటాలంటే నాజీలు అడిగే పన్నుకు పైసలు సర్ది, జూన్ మొదట్ల ఆ కుటుంబాన్ని రైలెక్కిచ్చింది. లండన్ పోయే తొవ్వల ఆయన ఒక్క పూట పారిస్‌ల ఆమె ఇంట్లనే దిగిండు. మరుసటేడు ఆయన సచ్చిపోతే బూడిద పెట్టిన గ్రీకు కుండ కూడ ఆమె ఇచ్చిందే.

యుద్ధంల తను కూడ గ్రీసు రాజకుటుంబంతోని దేశం విడిచి ఈజిప్టు మీదికెంచి దక్షిణాఫ్రికా పోయింది. నడుమ ఈజిప్టుల ఆగినప్పుడు ఏం చేసిందో తెలుసా? చిన్నతనంల యోనిశీర్షం కోసేసిన ఆడోళ్లను కలిసి మాట్లాడింది. ఆ దిక్కు ఆడపిల్లలకు గట్ల కోసే ఆచారం ఉండె. కోస్తే సుఖం లోపలికి మారుతదా, ఫ్రాయిడ్ చెప్పింది నిజమైతదా అని ఆమె ఆరాటం. మారలేదని ఆమెకు కనపడ్డది. 1948ల దాని మీద రాసింది. 1951ల ఆడోళ్ల లైంగికత మీద పుస్తకమే తెచ్చింది. గాని ఆ పుస్తకంల కూడ గురువు సిద్ధాంతం చెయ్యి వదలలే. ఇది నాకు బాధ అనిపిస్తది. కండ్ల ముందర ఉన్నది ఒకటి, నమ్మింది ఒకటి. 

ఒక చిన్న ముచ్చట. ఆమె కొడుకు పీటర్ మన దేశం వచ్చిండు. ఒక ఆడామెకు ఇద్దరు ముగ్గురు మొగుళ్లుండే ఆచారం మీద నీలగిరి కొండల తోడాల నడుమ, కేరళల, హిమాలయాల దిక్కు తిరిగి పుస్తకం రాసిండు. తల్లి బుద్ధే కొడుక్కు వచ్చినట్టున్నది.

1960ల, డెబ్బై ఏడేండ్ల వయసుల, ఉరిశిక్ష తీర్గ గ్యాస్ గదిల చంపే శిక్ష పడ్డ ఖైదీ చెస్‌మన్ కోసం అమెరికా దాక పోయి కొట్లాడింది. కాపాడలేకపోయింది. 1962 సెప్టెంబరు 21 నాడు రక్త క్యాన్సరుతోని పోయింది. బూడిద గ్రీసుల టటోయ్ కాడ మొగుని పక్కన పెట్టిండ్రు.

నాలుగేండ్లకే, 1966ల, అమెరికాల మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు పుస్తకం తెచ్చిండ్రు. ప్రయోగశాలల వందల మందిని చూసి, భావప్రాప్తిల పెద్దమనిషిది, చిన్నపిల్లది అని రెండు రకాలు లేవని తేల్చిండ్రు. 1970ల చికిత్స పద్ధతి చెప్పిండ్రు. ఆలుమొగలు ఇద్దరినీ కూసోపెట్టి, కొన్ని దినాలు సంభోగం పూరాగ బందు పెట్టి, ఒకరి ఒళ్లు ఒకరు ఊకె ముట్టుకునుడు, ఏది బాగున్నదో నోరు తెరిచి చెప్పుకునుడు. కత్తి లేదు, గోలీ లేదు. 2011ల అమెరికాల వాలెన్, లాయిడ్ అనేటోళ్లు మేరీ కొలతలను, ఇంకొకాయన పాత కొలతలను తీసి కంప్యూటర్ లెక్కలేసిండ్రు. దూరానికి, కలయికల భావప్రాప్తికి సంబంధం ఉన్నట్టే వచ్చింది. అంటే 1924ల టేపు సక్కగనే చూపిచ్చింది. ఇయ్యాల అమెరికా మనసు డాక్టర్ల పుస్తకం డీఎస్ఎం-5 చూస్తే, చేతితోని సుఖం అయి, కలయికల మాత్రం కాకపోతే అది రోగం లెక్కల రాదు. మేరీకి రోగమే లేదు.

అట్లని ఎవరికీ రోగం లేదని కాదు. ఆ పుస్తకం లెక్కల ఆర్నెల్లు దగ్గర దగ్గర ఉండి, ఆ ఆడామెకే బాధ అయితుంటే అది చూపెట్టుకోవాల్సిన సమస్య. మొగునికి కోపమొస్తే కాదు, ఆమెకు బాధయితే. కలవంగనే కండరాలు బిగుసుకపోయి లోపలికి పోనియ్యకపోతే దాన్ని వెజైనిస్మస్ అంటరు. అది మొండితనం కాదు, కన్ను కాడికి వేలు తెస్తే రెప్ప పడ్డట్టు. మెల్లమెల్లగ వ్యాయామాలు, సన్నటి నుంచి లావుకు పోయే డైలేటర్లు, నిమ్మళంగ మాట్లాడే కౌన్సెలర్ ఉంటే చానా మందికి నయమైతది. కాన్పుల వేసిన కుట్టు కాడ నొప్పి, పాలిచ్చేటప్పుడు, ముట్లు ఆగినంక వచ్చే పొడితనం, తెల్లబట్ట ఇన్ఫెక్షను, షుగరు, థైరాయిడు, డిప్రెషను, దానికి వాడే కొన్ని గోలీలు, ఇవన్నీ సుఖాన్ని మింగుతయి. పొడితనానికి జెల్లున్నది, ముట్లు ఆగినోళ్లకు డాక్టరు రాసే ఈస్ట్రోజెన్ క్రీమున్నది. గోలీతోని వచ్చిందయితే సొంతంగ ఆపొద్దు, మార్చుమని డాక్టర్‌నే అడగాలె. చిన్నప్పుడు ఎవడో చెయ్యేసిన భయం, మొగుడు తాగొచ్చి చేసే బలవంతం, పొద్దంత నాట్లేసి వచ్చిన నడుము నొప్పి గూడ కారణాలే. వీటికి క్రీము లేదు.

తమ్ముండ్లు, కొత్తగ పెండ్లయినోళ్లు, ఈ సదివింది మీరే ఎక్కువని నాకు తెలుసు. ఆమెను అడిగిండ్రా? వీడియోల చూసినట్టు కాకుంటె ఆమె కట్టె అనుకుంటున్నరా? చెల్లెండ్లు, జిల్లా ఆసుపత్రిల ఆడోళ్ల డాక్టరు ఓపీ ఉంటది, చీటీ రాపిచ్చుకొని పోండ్రి. కడుపునొప్పి అని తిప్పి తిప్పి చెప్పకుండ్రి, కలిసినప్పుడు నొప్పి, సుఖం తెలుస్తలేదు అని సక్కగ చెప్పుండ్రి. వాడే గోలీల చీటీలన్నీ వెంట పట్టుకపోండ్రి. మొగుడు వస్తనంటే తోల్కపోండ్రి, రాకుంటె ఒక్కరే పోండ్రి. డాక్టరు నవ్వితే, లేకుంటె చెప్పంగనే ఆపరేషను అంటె, ఇంకో డాక్టరుకు చూపెట్టుకోండ్రి.